వాకింగ్ షూ కొనడం: కాగితం మీద పాదం గీసుకోవడం నుంచి లేసు ముడి దాకా

రెండేళ్ల కిందట నా కుడికాలి బొటనవేలి గోరు నల్లబడింది. గుమ్మానికి తగిలి ఉంటుందిలే అనుకున్నాను. నెల తిరిగేసరికి ఎడమకాలి గోరూ అదే రంగుకు వచ్చింది. రెండు కాళ్లూ ఒకే గుమ్మానికి కొట్టుకోవు కదా. అప్పుడు చూసుకుంటే తెలిసింది: పొద్దున్నే నాలుగు కిలోమీటర్లు నడిచేటప్పుడు అడుగడుగునా వేళ్లు షూ ముందు భాగానికి గుద్దుకుంటున్నాయి. ఇరవై ఏళ్లుగా కళ్లు మూసుకుని కొంటున్న ఎనిమిదో నంబరు నాకు ఎప్పుడో చాలకుండా పోయింది. వయసు మీదపడే కొద్దీ, ఒళ్లు బరువెక్కే కొద్దీ పాదం కాస్త సాగుతుంది, వెడల్పవుతుంది. చొక్కా బిగుతైతే వెంటనే తెలుస్తుంది. పాదం సంగతి మాత్రం గోరు నల్లబడితే గానీ తెలియలేదు నాకు.

మనం ‘చెప్పు కరిచింది’ అంటాం, తప్పంతా చెప్పుదే అన్నట్టు. చాలాసార్లు కరిచేది మనం నోటితో అడిగి తెచ్చుకున్న నంబరే. కాబట్టి ఏ కంపెనీ, ఎంత ధర అన్నది తర్వాత చూద్దాం. ముందు టేపు తీయండి.

ముందుగా ఇంట్లో, సాయంత్రం పూట

పొద్దున లేవగానే ఉన్న పాదం, సాయంత్రం పాదం ఒకటి కావు. రోజంతా నిలబడి, తిరిగేసరికి కాస్త వాస్తుంది. అందుకే కొలత సాయంత్రం తీసుకోవాలి. నడకకు వేసుకునే సాక్సే వేసుకోండి.

నేలమీద, గోడకు ఆనేలా ఒక తెల్లకాగితం పరవండి. మడమ గోడకు తగిలేలా దాని మీద నిలబడండి. కూర్చుని కొలిస్తే లాభం లేదు, ఒంటి బరువు పడితేనే పాదం పూర్తిగా పరుచుకుంటుంది. గీత మీరే గీసుకోవాలని వంగారో, బరువంతా ముందుకు జరిగి కొలత మారిపోతుంది. ఇంట్లో ఇంకొకరిని పిలవండి. పెన్సిల్ నిటారుగా పట్టుకుని అన్నిటికన్నా పొడుగు వేలి కొస దగ్గర ఒక గీత, పాదం బాగా వెడల్పుగా ఉండే చోట అటూ ఇటూ రెండు గీతలు పెట్టమనండి. వెడల్పైన చోటంటే బొటనవేలి మొదలు నుంచి చిటికెనవేలి మొదలు దాకా ఉండే భాగం.

పొడుగు వేలు అందరికీ బొటనవేలే కాదు. కొందరికి రెండోది పొడుగు. ఆడపిల్లకు అలా ఉంటే మొగుడి మీద పెత్తనం చేస్తుందని మా అమ్మమ్మ అనేది. పెత్తనం సంగతేమో గానీ షూ కొనేటప్పుడు లెక్కలోకి వచ్చేది ఆ వేలే.

రెండు పాదాలూ కొలవండి. నా ఎడమ పాదం 26.1 సెంటీమీటర్లు వచ్చింది, కుడిది 26.6. ఇలా తేడా ఉండటం మామూలే. కొనాల్సింది పెద్ద పాదానికి. చిన్న పాదం వైపు వదులైతే లేసు బిగించి సర్దుకోవచ్చు, లేదా పలుచటి అట్ట ఒకటి లోపల వేసుకోవచ్చు. పెద్ద పాదాన్ని మాత్రం ఎవరూ కుదించలేరు.

ఈ రెండు కొలతల్ని ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. నంబరు గుర్తుపెట్టుకోవడం కన్నా ఇది మేలు. ఎందుకంటే, మనదగ్గర ఎక్కువగా నడిచేది బ్రిటిష్ నంబరు. అందులో ఒక నంబరుకూ తర్వాతి నంబరుకూ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే దాదాపు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. అర నంబరైతే నాలుగు మిల్లీమీటర్ల పైచిలుకు. ఆ మాత్రం తేడా కంపెనీకీ కంపెనీకీ మధ్యే వచ్చేస్తుంది. ఒక కంపెనీ ఎనిమిది మీద 26.5 సెంటీమీటర్లని రాసి ఉంటే, ఇంకో కంపెనీ ఎనిమిది మీద 27 ఉంటుంది. చాలా స్పోర్ట్స్ షూలలో లేసు కింద ఉండే నాలుక వెనకవైపు చిన్న చీటీ ఉంటుంది. దాని మీద బ్రిటిష్, అమెరికా, యూరప్ నంబర్లతో పాటు సెంటీమీటర్లు కూడా వేస్తారు. అది సాధారణంగా షూ పొడుగు కాదు, ఏ పొడుగు పాదానికి ఆ షూ కుట్టారో ఆ కొలత. మీరు వెతకాల్సింది దాన్ని. 26.6 పాదానికి 26.5 కన్నా 27తో మొదలుపెట్టడం మంచిది.

పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్లకు ఈ విషయం మరీ ముఖ్యం. ‘నాన్నా, మీ సైజెంత?’ అని వాట్సాప్‌లో అడుగుతారు, మనం ‘ఎనిమిది’ అంటాం, వాళ్లు అక్కడి ఎనిమిది కొని తెస్తారు. మగవాళ్ల షూలో అమెరికా నంబరు మన నంబరు కన్నా సాధారణంగా ఒకటి ఎక్కువ, కొన్ని కంపెనీల్లో అరే ఎక్కువ. ఆడవాళ్లకైతే రెండు, రెండున్నర దాకా తేడా ఉంటుంది. నంబరు చెప్పకండి, కాగితం ఫొటో పంపండి.

వెడల్పు గురించి ఇంకొంచెం

చిన్నప్పటి నుంచి చెప్పుల్లోనో, ఒట్టి కాళ్లతోనో తిరిగినవాళ్లం. మన వేళ్లు విడివిడిగా పరుచుకుని ఉంటాయి. చెన్నైలోని కేంద్ర తోళ్ల పరిశోధనా సంస్థ (సీఎల్ఆర్ఐ) 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశంలో 79 చోట్ల లక్ష మందికి పైగా పాదాలను త్రీడీ స్కానర్లతో కొలిచింది. మనవాళ్ల పాదాలు పాశ్చాత్యుల పాదాల కన్నా వెడల్పని తేలింది. దాని ఆధారంగానే మనకంటూ ‘భ’ పేరుతో ఒక కొలతల పద్ధతిని ప్రతిపాదించారు. ‘భ’ అంటే భారత్.

సన్నటి పాదానికి కుట్టిన షూ వెడల్పు పాదానికి పట్టకపోతే మనం ఏం చేస్తాం? ఒక నంబరు పెద్దది తీసుకుంటాం. వెడల్పు సరిపోతుంది గానీ పొడుగెక్కువై మడమ జారుతుంది, షూ వంగే చోటు ఒకటి, పాదం వంగే చోటు మరొకటి అవుతాయి. దీనికి సరైన మందు వెడల్పు రకం అడగడం. కొన్ని కంపెనీలు ఒకే నంబరులో రెండు మూడు వెడల్పులు చేస్తాయి. మగవాళ్లలో డి అంటే మామూలు, టూ ఈ అంటే వెడల్పు, ఫోర్ ఈ అంటే బాగా వెడల్పు. ఆడవాళ్లకు బి మామూలు, డి వెడల్పు. షాపులో బయట పెట్టిన వాటిలో ఇవి కనిపించవు, నోరు తెరిచి అడగాలి. అక్కడ లేకపోతే ఆన్‌లైన్‌లో ఆ అక్షరాలతో వెతకండి. ఆడవాళ్లు మగవాళ్ల రకం కొనుక్కున్నా తప్పేం లేదు, వెడల్పు దానంతటదే కలిసొస్తుంది.

షాపుకు ఏం తీసుకెళ్లాలి

సాయంత్రం వెళ్లండి. నడకకు వేసుకునే సాక్స్, పాదం కొలతల ఫొటో, డాక్టరు రాసిచ్చిన ఇన్‌సోల్ ఉంటే అదీ, వీటితో పాటు పాత షూ కూడా. పాత షూ పట్టుకెళ్లడానికి మొహమాటపడతారు గానీ దాని అడుగు చూస్తే చాలా తెలుస్తుంది. మడమ దగ్గర బయటి అంచు కాస్త ఎక్కువ అరగడం మామూలు నడక. లోపలి అంచు బాగా అరిగి, షూ లోపలికి ఒరిగి ఉంటే పాదం లోపలికి వాలుతోందన్నమాట. అలాంటివాళ్లు మడమ దగ్గర గట్టిగా పట్టే రకం చూసుకోవాలి.

తడికాలితో గచ్చు మీద అడుగు వేసి, అచ్చు చూసి పాదం వంపు ఎంతో తేల్చుకోమని చాలామంది చెబుతారు. సరదాగా చూసుకోండి, దాన్నిబట్టి షూ మాత్రం కొనకండి. అమెరికా సైన్యంలో కొత్తగా చేరిన వేలమందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు పాదం వంపును బట్టి షూ ఇచ్చారు, రెండో జట్టులో అందరికీ ఒకే రకం ఇచ్చారు. శిక్షణ అయ్యాక చూస్తే గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. నా మట్టుకు నేను అచ్చు కన్నా కాలి మాటే వింటాను: వేసుకుని నడిస్తే హాయిగా ఉందా, లేదా?

కాలికి వేసుకునే ముందు, చేత్తో

షూ ఎడమచేత్తో పట్టుకుని మడమ వెనక భాగాన్ని బొటనవేలితో, చూపుడువేలితో రెండు వైపుల నుంచీ నొక్కండి. అట్టలా గట్టిగా నిలవాలి. కాగితం సంచిలా లోపలికి పడిపోతే ఆ షూ మీ మడమను పట్టి ఉంచలేదు.

తర్వాత ముందు కొసనూ మడమనూ రెండు చేతులతో పట్టుకుని వంచండి. వేళ్ల మొదళ్లు వచ్చే చోట వంగాలి, అక్కడే కదా పాదం వంగేది. సరిగ్గా నడిమధ్యలో రెండుగా మడత పడితే పక్కన పెట్టేయండి. చివరగా తడి టవల్ పిండినట్టు మెలిపెట్టి చూడండి. కొంచెం తిరగాలి, పూర్తిగా తిరిగిపోకూడదు. షాపు కుర్రాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

ఇక మెత్తదనం. చాలామంది మోసపోయేది ఇక్కడే. మెమరీ ఫోమ్ అంటూ దూదిలా ఉండే షూలో కాలు పెట్టగానే ‘అబ్బ, ఎంత బాగుందో’ అనిపిస్తుంది. షాపులో రెండు నిమిషాల హాయి అది. అరగంట నడిచాక ఆ ఫోమ్ అణిగిపోయి పాదం అడుగుకంటా దిగుతుంది, పైగా మెత్తటి పరుపు మీద నడిచినట్టు చీలమండ అటూ ఇటూ ఊగుతుంది. పరుపు మీద నిద్ర బాగానే పడుతుంది, నడక సాగదు. నడకకు కావాల్సింది నొక్కితే కొంచెం దిగి, వదలగానే పైకి లేచే రకం. అడుగుపొర మధ్యలోని ఫోమ్‌ను పక్క నుంచి వేలితో నొక్కితే ఈ తేడా తెలుస్తుంది.

వాకింగ్‌కు రన్నింగ్ షూ కొనొచ్చా అని అడుగుతుంటారు. నిక్షేపంగా కొనొచ్చు. మెత్త, పట్టు, బరువు తక్కువ, అన్నీ అందులో ఉంటాయి. అయితే ఈమధ్య బాగా ఎత్తు మెత్తలతో వస్తున్న రకాలు తూలే పెద్దవాళ్లకు వద్దు. అడుగు వెడల్పుగా, నేలకు దగ్గరగా ఉన్నవే వాళ్లకు నయం. అడుగు రబ్బరు గీతలు లోతుగా ఉన్నాయో లేదో కూడా చూడండి. శ్రావణమాసంలో తడిసిన పేవర్ బ్లాకుల మీద నునుపు సోలుతో నడవడం అంటే పడడానికి సిద్ధపడటమే.

వేసుకుని, లేచి నిలబడి

ఇక్కడ తొందరపడకండి. రెండు కాళ్లకూ వేసుకోండి, లేసు పూర్తిగా కట్టండి, నిలబడండి. పొడుగు వేలికీ షూ కొసకూ మధ్య సుమారు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి. ఈ ఖాళీ దండగ కాదు. అడుగు వేసినప్పుడల్లా పాదం ముందుకు జరుగుతుంది, వేళ్లకు ఆ చోటు కావాలి. నా గోళ్లు నల్లబడింది అది లేకే.

దీనికి తోడు ఒక చిట్కా. లోపలి ఇన్‌సోల్ ఊడివచ్చే రకమైతే బయటికి తీసి, నేలమీద పెట్టి, దాని మీద నిలబడండి. చిటికెనవేలు గానీ పాదం పక్క గానీ అంచు దాటి బయటికి వస్తోందా? అయితే షూ లోపల కూడా అక్కడే ఒత్తుకుంటుంది. పైన బట్ట ఎంత మెత్తగా ఉన్నా సరే.

నేను షూ కొనడానికి షాపుకెళ్లిన రోజు జరిగింది ఇదీ.

‘బాబూ, తొమ్మిది ఇవ్వు.’

‘తొమ్మిది లూజైపోద్ది సార్. మీకు ఎనిమిదే కరెక్టు. రెండ్రోజులు వేసుకుంటే సాగిపోద్ది.’

‘బట్ట సాగుతుంది సరే, సోలు సాగుతుందా?’

కుర్రాడు నవ్వి లోపలికెళ్లి ఎనిమిదిన్నర తెచ్చాడు. నా పాదం కొలతకు సరిపోయింది అదే. అర నంబర్లు ఉంటాయని అంతవరకూ నాకు తోచనే లేదు. అబ్బాయి చెప్పిన దాంట్లో నిజం లేకపోలేదు. తోలు బూటైతే కాస్త సాగుతుంది. కానీ స్పోర్ట్స్ షూ మొదటిరోజు ఎక్కడ నొక్కితే ఎప్పటికీ అక్కడే నొక్కుతుందని అనుకునే కొనాలి.

తర్వాత నడవండి. తివాచీ మీద కాదు, గట్టి గచ్చు మీద. షాపులోంచి బయటికి రానివ్వకపోతే లోపలే పది రౌండ్లు వేయండి. మడమ లేస్తోందా చూడండి, కొద్దిగా కదిలితే పరవాలేదు, జారి పైకి వస్తే వద్దు. మెట్లుంటే నాలుగు దిగండి. దిగేటప్పుడు వేళ్లు కొసకు తగిలాయంటే ఆ జత మీది కాదు. వేళ్లు లోపల ఆడించగలగాలి, వీణ మీద ఆడినంత కాకపోయినా హార్మోనియం మీదైనా.

ధర విషయంలో నా అభిప్రాయం: మరీ చవకవాటిలో మడమ పట్టు, ఫోమ్ తేలిపోతాయి. ఒక స్థాయి దాటాక మాత్రం మీరు ఇచ్చే డబ్బు పేరుకూ రంగుకూ పోతుంది. నిరుటి మోడల్ తగ్గింపు ధరకు దొరికితే, పైన చెప్పినవన్నీ సరిపోతే, హాయిగా తీసుకోండి.

షుగర్ ఉన్నవాళ్లకు

ఇంతదాకా ‘హాయిగా ఉందా’ అన్నదాన్నే కొలబద్దగా పెట్టుకున్నాం. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు ఈ కొలబద్ద పనిచేయదు. బిగుతు షూ కూడా వాళ్లకు బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. కొందరు ‘లూజుగా ఉంది, ఇంకా చిన్నది ఇవ్వు’ అంటారు కూడా, బిగుతుగా ఉంటేనే కాలికి షూ ఉన్నట్టు తెలుస్తుంది కాబట్టి. స్పర్శ ఎంత ఉందో డాక్టరు తేలిగ్గా చూడగలరు. 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ దారంతో పాదం మీద అక్కడక్కడా తాకించి, తెలుస్తోందా అని అడుగుతారు. షూ కొనేముందు ఆ పరీక్ష ఒకసారి చేయించుకోండి.

స్పర్శ తగ్గినవాళ్లు కాలి మాట కాదు, అట్ట మాట వినాలి. ఇందాకటిలాగే నిలబడి, ఈసారి పెళ్లి శుభలేఖ లాంటి మందపాటి కాగితం మీద పాదం చుట్టూ గీత గీయించి కత్తిరించండి. ఆ అట్టపాదాన్ని షూలోకి దూర్చండి. పక్కలు పైకి ముడుచుకున్నాయంటే మీ పాదమూ లోపల అలాగే నలుగుతుంది. షూ లోపల చెయ్యిపెట్టి కుట్లు ఎక్కడైనా గరుకుగా తగులుతున్నాయేమో తడమండి.

కొత్తవి ఒక్కసారిగా గంటలకొద్దీ వేసుకోవద్దు. మొదట్లో రోజుకు గంట. తీశాక పాదం అడుగు, వేళ్ల సందులు చూసుకోండి, వంగలేకపోతే అద్దం నేలమీద పెట్టుకోండి. ఎర్రటి మచ్చ కనిపించి కాసేపటికి కూడా పోకపోతే ఆ షూ ఆపేయండి. వేసుకునే ముందు ప్రతిసారీ తిరగేసి దులపాలి. చెప్పులో రాయి మనకు పంటికింద రాయిలా తెలుస్తుంది. వాళ్లకు అది పుండయ్యాక గానీ తెలియదు.

బొటనవేలి సందున పట్టీ ఉండే హవాయి చెప్పులు వీళ్లకు అసలు పనికిరావు. పట్టీ వేళ్ల మధ్య ఒరుస్తుంది. స్పర్శ లేనివాళ్లకు చెప్పు కాలినుంచి జారిపోయినా తెలియదు, ఒట్టి కాలితో నడుచుకుంటూ వెళ్లిపోతారు. ఇంట్లోకి ఎంసీఆర్ (మైక్రోసెల్యులర్ రబ్బరు) చెప్పులు మంచివి: మెత్తటి రబ్బరు అడుగు, వెనకాల పట్టీ ఉంటాయి. షుగర్ ఆసుపత్రుల దగ్గర, కృత్రిమ అవయవాలు చేసే దుకాణాల్లో దొరుకుతాయి. పాదం మీద ఇప్పటికే పుండు, ఆకారం మారడం ఉంటే మాత్రం ఈ వ్యాసం పక్కన పెట్టి డాక్టరు దగ్గరకు వెళ్లండి.

లేసు కట్టే పద్ధతి

మడమ జారుతోందని షూ మార్చేముందు ఇది చేసి చూడండి. చీలమండ దగ్గర, అన్నిటికన్నా పైన, కాస్త వెనక్కి ఒక రంధ్రం ఖాళీగా ఉంటుంది. చాలామంది జీవితాంతం దాన్ని వాడరు. లేసు కొసను బయటి నుంచి అదే వైపు రంధ్రంలోకి దూర్చండి, పూర్తిగా లాగకుండా చిన్న ఉచ్చు మిగల్చండి. రెండో వైపూ అంతే. ఇప్పుడు కుడి కొసను ఎడమ ఉచ్చులోంచి, ఎడమ కొసను కుడి ఉచ్చులోంచి తీసి, రెండింటినీ కిందికీ వెనక్కీ లాగి మామూలు ముడి వేయండి. మడమ గట్టిగా కూర్చుంటుంది, వేళ్ల దగ్గర మాత్రం బిగుతు పెరగదు. పాదం పైభాగం ఎత్తుగా ఉండి అక్కడ నొప్పెడితే, ఆ చోట లేసును అడ్డంగా దాటించకుండా నిలువుగా పై రంధ్రానికి తీసుకెళ్లండి. వంగలేని పెద్దవాళ్లకు వెల్‌క్రో పట్టీలది కొనిస్తే గొడవే ఉండదు.

ఇంటికి తెచ్చాక

బిల్లు, అట్టపెట్టె దాచండి. రెండు మూడు రోజులు తుడిచిన గచ్చు మీద ఇంట్లోనే వేసుకుని తిరగండి. అడుగుకు మట్టి అంటితే వెనక్కి తీసుకోరు. సాక్స్ విషయంలో ఒక్కటే మాట: పూర్తి కాటన్ చెమటను పీల్చుకుని తడిగానే ఉండిపోతుంది, మన ఉక్కపోతలో బొబ్బలకు అదే కారణం. పాలిస్టర్ కలిసిన స్పోర్ట్స్ సాక్స్ నయం. షూ వానకు తడిస్తే లోపల పేపర్లు కుక్కి, ఫ్యాను కింద పెట్టండి. ఎర్రటి ఎండలో పెడితే జిగురు ఊడుతుంది.

ఎన్నాళ్లు వాడొచ్చు? రన్నింగ్ షూకు 500 నుంచి 800 కిలోమీటర్లు అంటారు. రోజుకు నాలుగు కిలోమీటర్లు నడిచేవారికి నెలకు 120, అంటే నాలుగు నుంచి ఆరేడు నెలలు. నడక పరుగంత దెబ్బ కాదు కాబట్టి మనకు ఇంకొంత ఎక్కువే వస్తాయి. తారీఖు చూసి పారేయనక్కర్లేదు. బల్ల మీద పెట్టి వెనక నుంచి చూడండి, ఒక పక్కకు ఒరిగితే, ఫోమ్ పక్కల ముడతలు శాశ్వతంగా పడిపోతే, ఎప్పుడూ లేని మోకాలి నొప్పి మొదలైతే దాని పని అయిపోయినట్టే.

వాడకపోతే ఎక్కువకాలం వస్తాయనుకునేరు. మా తమ్ముడు అమెరికా నుంచి నాన్నకు మంచి షూ తెచ్చాడు. నాన్న వాటిని అట్టపెట్టెతో సహా బీరువాలో పెట్టారు, ఏదైనా శుభకార్యానికి వేసుకుంటానని. మాది కాకినాడ, సముద్రం గాలి. ఐదేళ్ల తర్వాత మా పెదనాన్న మనవరాలి పెళ్లికి వేసుకున్నారు. ఫంక్షన్ హాల్లో భోజనాల వైపు నడుస్తుంటే వెనక తివాచీ మీద తెల్లటి ముక్కలు రాలుతూ వచ్చాయి. ఎవరో అప్పడం తొక్కారనుకున్నాం. సోలు! పాలీయూరిథేన్‌తో చేసిన అడుగును గాలిలోని తేమ లోలోపల విరగ్గొట్టేస్తుంది. మూసిన పెట్టెలో, వాడకుండా ఉంచితే మరీను. పైకి కొత్తగానే కనిపిస్తుంది, బరువు పడగానే బిస్కెట్‌లా పొడవుతుంది. బంతి పూర్తికాకముందే నాన్న సాక్స్‌తో లేచి చెయ్యి కడుక్కోవాల్సి వచ్చింది.

ఇప్పుడు కొత్తవి వస్తే మర్నాడే వేసుకుని మార్కెట్‌కు వెళ్తున్నారు. అట్టపెట్టెలో కరెంటు బిల్లులు పెట్టుకుంటున్నారు.